మణుగూరులో నాలుగు వేలు, ఖమ్మంలో ఏడు వేలు

మా ఆయనకు లెక్కలంటే ప్రాణం. కిలో వంకాయలు కొన్నా ఇంటికొచ్చేలోపు ఒక్కో వంకాయ ఎంత పడిందో చెప్పేవాడు. ఏట్లో వేసినా ఎంచి వేయాలని వాళ్ల నాయన నేర్పిన బుద్ధి. అలాంటి మనిషి రెండు ఊళ్లను పక్కపక్కన పెట్టి లెక్కేసి, నాలుగు వేల జీతం కన్నా ఏడు వేల జీతం పెద్దదని తేల్చి, నన్నూ మా అమ్మాయినీ మణుగూరు నుంచి ఖమ్మం తీసుకొచ్చాడు. వచ్చి ఏడాది తిరగకముందే నాకు నెల తప్పింది. ఆ కడుపును ఉంచుకోవడమా, తీయించుకోవడమా అన్న ప్రశ్న మా ఇంట్లో కొన్ని వారాలు నడిచింది. నేను రాయదల్చుకున్నది ఆ వారాల గురించే. అయితే మణుగూరులో మేం ఎలా బతికామో ముందు చెప్పాలి. చెప్పకపోతే ఎవరికైనా మా ఆయన లెక్కే సరైనదనిపిస్తుంది. అప్పట్లో నాకూ అలాగే అనిపించింది.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. మణుగూరులో బొగ్గు గనుల దగ్గర ఒక కాంట్రాక్టరు ఆఫీసులో మా ఆయన లారీల ట్రిప్పులు రాసే గుమాస్తా. గనిలో పర్మినెంటు ఉద్యోగం ఉన్నవాళ్లకు కాలనీలో క్వార్టర్లు, కరెంటు, నీళ్లు, దవాఖానా అన్నీ ఉండేవి. కాంట్రాక్టరు మనుషులం కాబట్టి మాకవేవీ లేవు. కాలనీ దాటాక, అడవి మొదలయ్యే చోట, ఒక పెంకుటింట్లో రెండు గదులు కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. ప్రతి నెలా జీతం చేతికొచ్చిన రోజున మా ఆయన ముఖం చూస్తే, ఎవరో పిలిచి నాలుగు తిట్టి పంపినట్టుండేది. కాలనీ వాళ్ల జీతాలు ఎంతెంతో ఆయనకు నోటికి వచ్చు. వాళ్లతో పోల్చుకుని పోల్చుకుని ఆయన సగం చిక్కిపోయాడని నేను ఎగతాళి చేసేదాన్ని.

నాకు కుట్టుపని వచ్చు. పెళ్లికి ముందు మా చర్చి వాళ్లు ఆడపిల్లలకు నేర్పిస్తే నేర్చుకున్నాను. వారానికొకసారి సంత జరిగేది. సంతలో ఒక మూల టార్పాలిన్ కట్టుకుని, చేతిమిషను పెట్టుకుని కూర్చునేదాన్ని. అడవి ఊళ్ల ఆడవాళ్లు నెత్తిన గంపలతో దిగేవాళ్లు. ముందు గుడ్డ కొని నా ముందు పడేసి, కొలతకు ఒక పాత రవికె ఇచ్చి పోయేవాళ్లు. వాళ్లు తమ సరుకు అమ్ముకుని, ఉప్పూ నూనే కొనుక్కుని తిరిగొచ్చేసరికి కొత్త రవికె సిద్ధంగా ఉండాలి. కాజాలు పూర్తి కాకపోతే నా పక్కనే కూలబడి, నా మీద వాళ్ల భాషలో ఏవో జోకులు వేసుకుని నవ్వేవాళ్లు. నాకు అర్థం కాకపోయినా, నా లావు గురించేనని తెలిసిపోయేది.

కుట్టుకూలి రూపాయల్లో ఇచ్చేవాళ్లు తక్కువ. రూపాయలు ఉప్పుకు, కిరోసిన్‌కు, మందుబిళ్లలకు. నాకు గంపలో ఉన్నది. చింతపండు, కందులు, ఒక గుమ్మడికాయ, తేనె సీసా, చీపురుకట్ట, ఎండాకాలమైతే మొర్రిపండ్లు, వానాకాలమైతే వెదురు కొమ్ములు. కట్టెలమోపు కూడా తెచ్చి వాకిట్లో వేసి పోయేవాళ్లు. కొందరు ఏడాది పొడుగునా కుట్టించుకుని, పంట ఇల్లు చేరాక ఒక్కసారే తెచ్చి పోసేవాళ్లు. అంతదాకా అడగకూడదు. కొత్త పంటను ముందు దేవతకు పెట్టి, ఊరంతా కలిసి కొత్తల పండుగ చేసుకోవాలి. ఆ తర్వాతే ముట్టుకోవాలి. చేలో కాయలు విరగకాసి ఉన్నా, అప్పటిదాకా వాళ్లు తినరు, ఇంకొకరికి పెట్టరు. ఒక ఏడు నేను తెలివితక్కువగా, చిక్కుళ్లు ఇంకా తేలేదేమని ఒక అవ్వను అడిగాను. ఆమె గుడ్లురిమింది.

"పండుగ కాలే. దేవతకంటే ముందు నీకు తెంపాల్నా?" అంది.

నా జీతం అలా పండుగలను బట్టి వచ్చేది. ఆ మాట అప్పుడు నాకు తట్టలేదు. దాన్ని జీతమని ఎవరూ అనేవాళ్లు కాదు మరి.

ఆ అవ్వే మా ఇంటికి ఎక్కువగా వచ్చిపోయేది. సన్నగా, నల్లగా, నవ్వితే ఒక్క పన్ను కనబడేది. మా అమ్మాయి పుట్టినప్పుడు ఆమె ఒక కోడిపెట్టను చంకలో పెట్టుకుని వచ్చింది. బాలింతకు పెట్టమని ఉలవలు, తేనె తెచ్చింది. ఆ తర్వాత నేను చాలా రోజులు సంతకు పోలేదు. అయినా ఎవరో ఒకరు మా వాకిట్లో ఏదో ఒకటి పెట్టి పోతూనే ఉన్నారు. నేను మొహమాటపడితే, "తర్వాత కుట్టి ఇద్దువు తియ్యి" అనేవాళ్లు. మా అమ్మాయి గుడ్లు, పప్పు, తేనె తిని బొద్దుగా పెరిగింది. ఎంత ఖర్చులో పెరిగిందో మాత్రం మా ఇంట్లో ఎవరికీ తెలియదు. వంకాయల ధర చెప్పే మనిషికి కూడా తెలియదు.

అమ్మాయిని బడిలో వేసే వయసు వచ్చినప్పుడు, ఖమ్మం నుంచి మా ఆయన పాత స్నేహితుడు వచ్చాడు. గ్రానైటు రాళ్లను కోసి పాలిష్ పట్టే ఒక యూనిట్‌లో పనిచేస్తున్నాడు. అక్కడి ఆఫీసులో లెక్కలు చూసే మనిషి కావాలన్నాడు. జీతం ఏడు వేలు. ఆ మాట వినగానే మా ఆయన వీపు నిటారుగా అయింది. ఇద్దరూ మంచం మీద కూర్చుని క్యాలిక్యులేటరు తీశారు. నేను చాయ్ పోసి ఇచ్చి గడప దగ్గర కూర్చున్నాను.

"ఖమ్మంల ఏడు వేలంటే మాటలా అన్నా?" అన్నాడు స్నేహితుడు. "కిరాయి పదిహేను వందలు పోంగ ఐదున్నర చేతుల ఉంటయి. ఇంగ్లీషు మీడియం బడి ఉన్నది, పెద్ద డాక్టర్లున్నరు. ఈడ ఏమున్నది, దుమ్ము తప్ప."

మా ఆయన నా వైపు తిరిగాడు. "ఏమే, నీ మిషను మీద నెలకు ఎంతొస్తది?"

"ఏమొస్తది, ఏం రాదు. చింతపండో, కందులో వస్తయి" అన్నాను.

మా వైపు ఆడవాళ్లను ఎవరిని అడిగినా అదే చెబుతారు. గుడ్లు అమ్ముకునే ఆమె, బీడీలకు తునికాకు కట్టలు కట్టే ఆమె, పొద్దంతా నడుము వంచి ఇంటికొచ్చిన ఆమె, ఏం పని చేస్తున్నవంటే "ఏం లేదు, ఇంటికాన్నే ఉంట" అంటారు. రూపాయి కళ్లబడకపోతే అది రాబడి కాదు. అట్లా అనడం మాకు మర్యాద కూడా. మా ఆయన నా పేరు దగ్గర సున్నా వేసుకున్నాడు. చింతపండు, పప్పు, గుడ్లు, కట్టెలు మేం కొనేవాళ్లం కాదు కాబట్టి ఖర్చులోనూ అవి రాలేదు. ఇటు రాబడిలో లేవు, అటు ఖర్చులో లేవు. లెక్క ఎంత శుభ్రంగా వచ్చిందో చెప్పలేను. ఖమ్మం మూడు వేలు ఎక్కువ. కిరాయి ఎక్కువైనా, ఫీజు కట్టినా, నెలకు కొంత మిగులు.

నేనూ సంతోషపడ్డాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. గ్యాస్ పొయ్యి, నల్లా నీళ్లు, అమ్మాయి టై కట్టుకుని బడికి పోవడం, ఇవన్నీ ఊహించుకున్నాను. దూరపు కొండలు నునుపు అంటారు. నాకైతే అవి నున్నగా పాలిష్ పట్టిన రాళ్లలాగే కనబడ్డాయి. బయల్దేరే ముందు సంతకు పోయి చెప్పొచ్చాను. అవ్వ నన్ను ఎగాదిగా చూసి, "పంటకు వస్తవా?" అంది. రానన్నాను. గంప నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది.

ఖమ్మంలో ఖానాపురం హవేలిలో దిగాం. అప్పటికి అది ఊరి చివర పెరుగుతున్న చోటు. సగం ప్లాట్లలో ఇళ్లు, సగం ప్లాట్లలో కంకర కుప్పలు. పొద్దున ఎనిమిదయ్యేసరికి టూ వీలర్లన్నీ ఒకదాని వెనక ఒకటి ఊర్లోకి పోయేవి. అవి లేనివాళ్లు షేర్ ఆటోల్లో వేలాడుతూ పోయేవాళ్లు. మాకు దొరికింది ఇంటి వెనక వైపు రెండు గదుల పోర్షన్. ముందు వైపు ఓనరమ్మ ఉండేది. కరెంటుకు వేరే మీటరు, నీళ్ల మోటారుకు నెలనెలా వేరే డబ్బు. మొదటి రోజే ఆమె అవన్నీ చెప్పింది, నవ్వుతూనే.

మొదటి వారంలో కిరాణా కొట్టుకు పోయి పావుకిలో చింతపండు అడిగాను. కొట్టాయన ధర చెప్పాడు. నాకు సరిగ్గా వినబడలేదేమోనని మళ్లీ అడిగాను. మళ్లీ అదే చెప్పాడు.

"ఏందయ్యా, అండ్ల బంగారం గిట్ల కలిపి అమ్ముతున్నరా?" అన్నాను.

"ఏ ఊరమ్మా మీది?"

"మణుగూరు."

"గందుకే. ఆడ చెట్టుకు కాస్తది. ఈడ కొట్టుల కాస్తది" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. పొట్లం తీసుకుని ఇంటికొచ్చి, నిమ్మకాయంత చింతపండుతో పులుసు పెట్టాను. మా ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని, చారు నీళ్ల లెక్క ఉన్నదేంది అన్నాడు. నీళ్లకు కూడా పైసలు కడుతున్నాం, తాగు అన్నాను. కందిపప్పుదీ అదే కథ, గుడ్లదీ అదే కథ. తేనె సీసా మీద ధర చీటీ చూసి అక్కడే పెట్టేసి వచ్చాను. ఏడేళ్లుగా నేను ఎన్నడూ ధర అడగని వస్తువులన్నీ ఒక్కొక్కటే ముందుకొచ్చి నిలబడి ధర చెప్పడం మొదలుపెట్టాయి.

కుట్టి నాలుగు రూపాయలు సంపాదిద్దామని మిషను బయటికి తీశాను. చుట్టుపక్కల ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చారు. వాళ్లకు వీపు మీద తాళ్లు, చేతులకు పైపింగు, ఏవేవో మోడళ్లు కావాలి. నాకు తెలిసింది గట్టిగా, చెట్టెక్కినా చిరగకుండా కుట్టడం. అయినా నేర్చుకునేదాన్నే. ఓనరమ్మ ఒకరోజు గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, మిషను పెడితే వచ్చేటోళ్లు పొయ్యేటోళ్లు ఎక్కువైతరు. నేను ఫ్యామిలీకి ఇచ్చిన, దుకాణానికి ఇయ్యలే. పెట్టాల్నంటే కిరాయి కమర్షియల్ అయితది" అంది.

ఆమె అడిగిన ఎక్కువ కిరాయి నేను కుట్టి సంపాదించేదానికన్నా పెద్దది. మిషనుకు గుడ్డ కప్పి మంచం కిందికి తోశాను. ఆ రోజు ఆమె మీద వచ్చినంత కోపం నాకు జన్మలో ఎవరి మీదా రాలేదు. మరుసటి రోజు ఆమె నవ్వుతూ మునగకాయలు ఇస్తే తీసుకున్నాను కూడా. మునగకాయల ధర అలా ఉంది మరి.

మా ఆయన బక్కచిక్కాడు. షేర్ ఆటో డబ్బులు ఆదా అవుతాయని పొద్దున నడిచి పోయేవాడు. ఆదాయం మూరెడు, ఖర్చు బారెడు అని మొదట్లో నవ్వుతూ అనేవాడు. తర్వాత నవ్వకుండా అనేవాడు. తర్వాత అనడం మానేశాడు. బడి ఫీజు, వ్యాను, గ్యాసు, పాల ప్యాకెట్టు అన్నీ పోగా నెల చివరి వారంలో ఆఫీసులో అడ్వాన్సు తీసుకునేవాడు. అది పై నెల జీతంలో తగ్గేది.

అప్పుడు నెల తప్పింది. ముందు నాకు నేనే రూఢి చేసుకున్నాను. మనసంతా తేలికైపోయింది. అమ్మాయికి ఒక తోడు కావాలని నాకు ఎప్పటి నుంచో ఉంది. అబ్బాయైనా అమ్మాయైనా ఫరవాలేదు, ఇంట్లో ఇంకో గొంతు ఉండాలి. సాయంత్రం ఆయన వచ్చి పెరట్లో కాళ్లు కడుక్కుంటుంటే చెప్పాను. చెంబు చేతిలో పట్టుకుని అలాగే నిలబడి, ముందు నవ్వాడు. ఆ నవ్వు నేను కళ్లారా చూశాను. అందుకే ఆయన్ని పూర్తిగా తిట్టలేను. ఆ తర్వాత నవ్వు మెల్లగా పోయింది. చెంబు కింద పెట్టి లోపలికి వెళ్లి కూర్చున్నాడు. ఏం చేస్తున్నాడో నాకు తెలుసు.

"ఏడు వేలల్ల నలుగురం బతకలేం" అన్నాడు చివరికి. "కాన్పు ఖర్చు, పాల డబ్బాలు, దవాఖానా. రేపు ఇద్దరి ఫీజులు. ఇప్పుడే పెద్దదాని ఫీజు రెండు సార్లల్ల కడుతున్నం. ఇప్పుడు వద్దు."

"నాలుగు వేలల్ల ముగ్గురం బతకలేదా? ఒకళ్లకు అప్పిచ్చినం గూడ."

ఆయన తలెత్తి నా వైపు చూశాడు. వాదన కోసం కాదు, నిజంగానే అడిగాడు. "ఎట్ల బతికినమే?"

నేను చెప్పడం మొదలుపెట్టాను. కోపంతో మొదలుపెట్టాను. చింతపండు ఏడాదికి ఎంత వచ్చేది, కందులు ఎంత, ఏ నెలలో ఏ పండ్లు, కట్టెలు ఎన్ని మోపులు, కోళ్లెన్ని, అవి పెట్టిన గుడ్లెన్ని. జ్వరమొస్తే తెచ్చిన కషాయం చెక్కలు కూడా చెప్పాను. ఆయన ఒక్కోదానికి ఖమ్మం ధర కట్టుకుంటూ పోయాడు. నేను ఆపినా, ఇంకేమిటి అని అడిగాడు. చివరికి క్యాలిక్యులేటరు పక్కన పెట్టాడు.

"మణుగూరుల మనం ఎనిమిది వేల బతుకు బతికినం" అన్నాడు. "ఏడు వేలకని ఎనిమిది వేలు ఇడిసిపెట్టి వచ్చిన."

నాకు జాలి వేయాలి. కానీ కోపమే వచ్చింది. ఈ లెక్క అప్పుడే ఎందుకు వేయలేదని ఆయన మీద. ఏం రాదని చెప్పించే మా ఊరి మర్యాద మీద. అన్నిటికన్నా ఎక్కువగా, తప్పు తెలిశాక కూడా ఆ ఇంట్లో ఏమీ మారనందుకు.

"అయితే వాపస్ పోదాం" అన్నాను.

ఆయన ఆలోచించి, పాత ఆఫీసులో అడుగుతానన్నాడు. నేను ఊరికే కూర్చోలేక, అమ్మాయి బడికి సెలవు రాగానే ఆమెను తీసుకుని మణుగూరు బస్సెక్కాను. ఖాళీ ఇల్లు దొరుకుతుందేమో, సంతలో నా చోటు ఉందో లేదో చూసి వద్దామని. కొత్తగూడెం దాటి అడవి మొదలవగానే అమ్మాయి కిటికీలోంచి తల బయట పెట్టింది. నేను తిట్టలేదు.

నా చోట్లో వేరెవరూ కూర్చోలేదు. పక్కన ఎండుచేపలమ్మే ఆమె అక్కడ తన గంపలు పెట్టుకుని, నన్ను చూసి పక్కకు జరిపింది. మధ్యాహ్నానికి అవ్వ వచ్చింది. నా ముఖం చూసింది, తర్వాత నా నడుము చూసింది. నేను చెప్పకముందే కనిపెట్టింది.

"కడుపుతోటి ఉన్నవు" అంది.

"అవ్, అవ్వా. ఉంచుకోవాల్నో వద్దో తెలుస్తలేదు."

ఆమెకు అర్థం కాలేదు. నాకేదో రోగమని భయపడింది. రోగం కాదు, జీతం చాలదు అన్నాను. జీతం ఎంతని అడిగింది. చెప్పాను. ఏడు వేలంటే ఎంతో ఆమెకు తెలుసు, వాళ్ల ఊళ్లో ఎవరి చేతిలోనూ ఒక్కసారి అంత డబ్బు పడదు.

"ఏడు వేలల్ల ఒక్క బిడ్డ పట్టదా?" అంది.

ఎగతాళిగా అనలేదు. పట్టకపోవడానికి కారణం ఏమిటో నిజంగా తెలుసుకోవాలనుకుంది. నేను కిరాయి, కరెంటు, వ్యాను అని చెబుతూ పోయాను. ఆమె ఓపికగా విని, చివరికి నా చేయి పట్టుకుని, "ఈడికి రా బిడ్డా. మేం లేమా?" అంది. ఎదురుగా ఉన్న ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కూడా రమ్మన్నారు. ఒకామె అప్పుడే గుడ్డ తీసి కొలత ఇవ్వబోయింది. నేను ఏడుస్తుంటే, ఎండుచేపల ఆమె మా అమ్మాయికి ఏదో కొనిపెట్టింది.

నేను నిర్ణయం తీసుకుని తిరిగొచ్చాను. సంచి నిండా చింతపండు, కందులు. బస్సులో వస్తూ, కాన్పు ఎక్కడ, బొంతకు ఏ చీరలు పనికొస్తాయి, ఇవన్నీ ఆలోచించాను. కడుపులో బిడ్డతో మాట్లాడాను కూడా.

ఇంటికొచ్చేసరికి మా ఆయన గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. పాత ఆఫీసుకు ఫోన్ చేశాడట. ఆ కాంట్రాక్టు గడువు అయిపోయింది. కొత్త కాంట్రాక్టరు వచ్చి తన మనుషులనే పెట్టుకున్నాడు. తెలిసిన వాళ్లందరినీ అడిగాడు. ఎక్కడా ఖాళీ లేదు.

"ఆడ నాలుగు వేలు గూడ లేవు ఇప్పుడు" అన్నాడు.

"నేను పిల్లల్ని పెట్టుకుని ఆడ ఉంట. నువ్వు ఈడ్నించి పంపు."

"రెండు ఇండ్లు నడుపాల్నా? పెద్దదాని ఏడాది ఫీజు సగం కట్టినం, అది పోతది. ఈడ నేను ఒక్కణ్ణే ఉన్నా ఓనరమ్మ కిరాయి తగ్గియ్యది. చింతపండు కిరాయి కిందికి తీసుకోరు గదనే."

ప్రతి మాటా నిజం. అదే నన్ను చంపింది. ఆయన అబద్ధం చెప్పి ఉంటే నేను గెలిచేదాన్ని. జీతం ఉంటేనే ఆ చింతపండు మాకు ఐశ్వర్యం. జీతం లేకుండా చింతపండొక్కటే ఉంటే మేం కూడా ఎండుచేపల ఆమె పక్కన గంప పెట్టుకోవాలి. దానికి నేను సిద్ధపడ్డాను, ఆయన సిద్ధపడలేదు. ఆయన సిద్ధపడలేదు కాబట్టి, నాలుగు రోజులకు నేను కూడా సడలిపోయాను. ఉన్న బిడ్డ బడి మాన్పించి రాబోయే బిడ్డను పెంచడం న్యాయమా అని ఆయన అడిగాడు. ఇప్పటికీ అదే నన్ను నేను అడుగుకుంటాను.

ఆ ఆదివారాలు నేను చర్చికి పోలేదు. పోతే పక్కన కూర్చున్నామె నా ముఖం చూసి విశేషమా అని అడుగుతుంది. ప్రార్థనలో ఆ మాట బయటపెడుతుంది. అందరూ ఆమెన్ అన్నాక ఇంక నేనేం చేయగలను? దేవుణ్ణి మాత్రం ఇంట్లోనే అడిగాను. మా ఆయనకు జీతం పెంచమని అడిగాను. అంత చిన్న కోరిక.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మంచి మనిషి. కాగితాలన్నీ చూసి, ఇంకా తొలి నెలలే కాబట్టి ప్రమాదం లేదంది. తర్వాత కళ్లజోడు తీసి నన్ను చూసింది.

"ఎందుకమ్మా వద్దనుకుంటున్నారు? మొదటి పాప బడికి పోతోంది కదా. ఇద్దరికీ ఎడం కూడా మంచిగానే ఉంది."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన నేల వైపు చూస్తున్నాడు. ఆయన చెబుతాడని చాలాసేపు ఆగాను. లెక్క ఆయనది కాబట్టి ఆయన నోటితోనే రావాలని నా పంతం. రాలేదు. డాక్టరమ్మ ఎదురుచూస్తోంది, బయట ఇంకెందరో కూర్చుని ఉన్నారు.

"జీతం సరిపోదు మేడం" అన్నాను నేనే.

ఆమె తల ఊపి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించింది.

సాయంత్రానికి ఇంటికి పంపించారు. నడవగలనన్నా మా ఆయన వినలేదు. షేర్ ఆటో కాకుండా మా ఇద్దరికే ఒక ఆటో మాట్లాడాడు. ఖమ్మం వచ్చాక అలా ఎక్కడం అదే మొదటిసారి. గుంతలు వచ్చినప్పుడల్లా మెల్లగా పోనియ్యమని డ్రైవరును బతిమాలుతూ, నా భుజం చుట్టూ చెయ్యి వేసి పట్టుకున్నాడు. ఏదో ఒకటి చెప్పి నన్ను ఊరడించాలని ఆయన తంటాలు పడుతున్నట్టు తెలుస్తూనే ఉంది. ఆయనకు తెలిసిన ఊరడింపు ఒక్కటే.

"అదే మణుగూరుల ఉంటే, దీనికి ఖమ్మం దాక రావాల్సి వచ్చేది" అన్నాడు. "రానుపోను బస్సు కిరాయిలు, ఒక రోజు ఉండుడు, తిండి. మస్తు అయ్యేది. ఈడుంటిమి గాబట్టి జల్దీ అయిపోయింది."

"మణుగూరుల ఉంటే దీనికి వచ్చేటోళ్లమే గాదు" అన్నాను.

ఖానాపురం హవేలి వచ్చింది. ఏ సందులో ఆపాలని డ్రైవరు వెనక్కి తిరిగి మా ఆయన్ని అడిగాడు. ఆయన చెప్పలేకపోయాడు, ఏడుస్తున్నాడు. ఎడమవైపు రెండో సందని నేను చెప్పాను.